రేపల్లె దారిలో ఒక శుక్రవారం

1967 ఏప్రిల్‌లో నాకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు క్యాంపు వేశారు. అప్పటికి నేను భూగర్భ పరిశీలన ఉద్యోగంలో అసిస్టెంట్ జియాలజిస్టుగా చేరి రెండేళ్ళు నిండలేదు. అంతకుముందు నెల చివర్లో ఒంగోలు వైపు భూమి కంపించింది. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చిన ఆ కంపం కోస్తాలో చాలా దూరం తెలిసింది. ఎక్కడ ఎంతగా తెలిసిందో ఊరూరా తిరిగి రాసుకురావడానికి మా హైదరాబాదు ఆఫీసు నుంచి మూడు జట్లు బయల్దేరాయి.

నాకు ఒంగోలు దక్కలేదు. గోడలు నెర్రెలిచ్చిన ఊళ్ళన్నీ సీనియర్లకు వెళ్ళాయి. గిన్నెలు చప్పుడు చేసిన ఊళ్ళు నాకు వచ్చాయి. ఆ సంగతి మా సీనియర్ జియాలజిస్టు గారి దగ్గర కాస్త అసంతృప్తిగానే అన్నాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మధ్యలో ఏం జరిగిందో ఎవరైనా చూడగలరనీ, అంచు ఎక్కడుందో చూసొచ్చినవాడే గీత గీయగలడనీ చెప్పి, ఫారాల కట్ట నా చేతిలో పెట్టారు.

గీత అంటే సమకంప రేఖ. కంపం ఒకే తీవ్రతతో తెలిసిన ఊళ్ళన్నిటినీ పటం మీద కలిపితే వచ్చే గీత అది. ఆ గీతల ఆకారాన్ని బట్టి భూమి లోపల ఏ పగులు కదిలిందో, ఏ దిక్కుగా కదిలిందో అంచనా వేస్తాం. తీవ్రతకు పన్నెండు మెట్ల కొలమానం ఉంది. మొదటి మెట్టు మనిషికి తెలియనే తెలియదు. నాలుగో మెట్టులో తలుపులు, గిన్నెలు టకటకలాడతాయి. ఐదో మెట్టులో నిద్రపోయేవాళ్ళు లేస్తారు, లోలకం గడియారాలు ఆగిపోతాయి. ఆరులో గోడల పెచ్చులు రాలతాయి. పన్నెండు గురించి చెప్పుకోవలసిన అవసరం ఉద్యోగం మొత్తంలో నాకు రాలేదు. భూకంపం ఎంత పెద్దదో యంత్రం చెబుతుంది. మనుషులకు, ఇళ్ళకు అది ఎలా తగిలిందో మాత్రం మనుషుల్నే అడగాలి.

అడగడంలో మొదటి నియమం, జవాబును ప్రశ్నలో పెట్టకూడదు. "గోడ పగిలిందా అమ్మా?" అని అడిగితే పదేళ్ళనాటి పగులు కూడా చూపిస్తారు. అది అబద్ధం కాదు, మనం అడిగేదాకా ఆ పగులును వాళ్ళూ సరిగ్గా చూసి ఉండరు. అందుకని "ఆ వేళప్పుడు మీరేం చేస్తున్నారు?" అని మొదలుపెట్టి, కంచం ముందు కూర్చున్నారా, మంచం మీద ఉన్నారా, కూర్చున్నవాళ్ళకు తెలిసిందా, నడిచేవాళ్ళకు తెలిసిందా అని ఒక్కొక్కటే రాబట్టాలి. పగులు చూపిస్తే వేలితో తడమాలి. పాతదైతే లోపల దుమ్ము, సాలెగూడు ఉంటాయి. కొత్తదైతే అంచు పదునుగా చేతికి గుచ్చుకుంటుంది.

సోమవారం తెనాలిలో దిగాను. జీపు తోలడానికి రాఘవులు వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, గుంటూరు జిల్లా మనిషే. నాది విజయనగరం వైపు కావడంతో ఈ ఊళ్ళ మర్యాదలు అతనే నాకు చెప్పేవాడు. బజారులో గడియారాలు బాగుచేసే ఒకాయన కొట్లో నాకు మంచి సాక్ష్యం దొరికింది. ఆయన కొట్లో రెండు లోలకం గడియారాలున్నాయి. ఉత్తరపు గోడకున్నది కంపానికి ఆగిపోయింది, తూర్పు గోడకున్నది నడుస్తూనే ఉంది. ఎవరైనా అడగడానికి వస్తారని ఆగినదాని ముళ్ళు కదపకుండా ఉంచానని చెప్పాడు. అదురు ఏ దిక్కున వచ్చిందో ఊహించడానికి అలాంటి మనిషి ఒక్కడు చాలు. నేను సంతోషంగా రెండు పేజీలు రాసుకున్నాను.

ఆ సంతోషంతోనే సాయంత్రం స్టేషను దగ్గర టీ తాగడానికి ఆగాను. జీపు చూసి పదిమంది పోగయ్యారు. వాళ్ళలో పంచె కట్టుకున్న ఒక పెద్ద రైతు నన్ను అడిగాడు.

"బాబూ, మళ్ళీ వస్తుందంటారా?"

"రావచ్చండి," అని, గ్లాసు బల్ల మీద పెట్టి జీపెక్కాను.

శాస్త్రప్రకారం అందులో తప్పు లేదు. పెద్ద కంపం తరవాత చిన్నవి వస్తూండడం మామూలే. మరో పెద్దది రాదని చెప్పే విద్య ఎవరికీ లేదు. కాని ఆయన నన్ను శాస్త్రం అడగలేదు. ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలో అడిగాడు. ఆ తేడా నాకు ఆ రోజు తెలియలేదు.

మంగళవారం వడ్లమూడి మీదుగా చేబ్రోలు వెళ్ళాను. పాత గుడి రాతి స్తంభాలలో ఏదైనా జరిగిందేమోనని ఒక్కొక్కటే చూశాను. ఏమీ కదలలేదు. అక్కడ పూజారి గారు నా ప్రశ్నలకు జవాబులు చెప్పి, చివర్లో తెనాలిలో ఎవరో గవర్నమెంటు ఇంజనీరు మళ్ళీ వస్తుందని చెప్పాడట, నిజమేనా అని అడిగారు. అలా ఎవరూ చెప్పరండీ అన్నాను. నా గురించే అంటున్నారన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

బుధవారం బాపట్ల. ట్రావెలర్స్ బంగళా వాచ్‌మన్ తన మంచం ఆవరణలో వేపచెట్టు కింద వేసుకున్నాడు. పక్కనే పెట్టె, బిందె, కుంపటి. ఎందుకలా అంటే, శుక్రవారం మిట్టమధ్యాహ్నం పెద్దది వస్తుందట కదండీ అన్నాడు. ఎవరు చెప్పారంటే ఊరంతా చెప్పుకుంటున్నారన్నాడు. నేను ఫారంలో "ప్రజలలో కొంత ఆందోళన ఉంది" అని రాసుకున్నాను. కొలమానంలో అది కూడా ఒక గుర్తే.

గురువారం చీరాల వైపు రామాపురం దాకా వెళ్ళాను. ఇసుక నేల మీద కంపం ఎలా తెలిసిందో, నల్లమట్టి మీద ఎలా తెలిసిందో పోల్చి చూడాలి. డెల్టా మట్టి మెత్తన. అడుగున రాయి కొంచెం అదిరినా పైన ఒండ్రు గిన్నెలో జున్నులా ఊగుతుంది. అందుకే దూరంగా ఉన్న డెల్టా ఊళ్ళో కొన్నిసార్లు దగ్గరి రాతి ఊళ్ళో కన్నా ఎక్కువ తెలుస్తుంది. కంపం వచ్చిన వేళకు సముద్రం మీద ఉన్న జాలరి ఒకతను, తన పడవ అడుగు దేనికో తగిలినట్టు దడేల్‌మన్నదనీ, అక్కడ దిబ్బ ఏదీ లేదనీ చెప్పాడు. నీళ్ళలో కంపం తెలిసేది సరిగ్గా అలాగే. నేను మళ్ళీ ఉత్సాహంగా రాసుకుంటూండగా, అతని భార్య శుక్రవారం సముద్రం కూడా పొంగుతుందట కదా, మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారని అడిగింది.

తిరుగుదారిలో రాఘవులు బాపట్ల దగ్గర పడ్డాక అన్నాడు.

"సార్, జీపులో తిరిగే ఆఫీసరు గారు చెప్పారంట అంటున్నారండి. ఈ వైపు మనం తప్ప జీపులో తిరిగే ఆఫీసరు ఇంకెవరున్నారండి?"

అప్పుడు తెనాలి టీకొట్టు గుర్తొచ్చింది. నా మాటకు ఎవరో రోజు కలిపారు, ఇంకెవరో వేళ కలిపారు, మరెవరో సముద్రాన్ని తెచ్చారు. మూడు రోజుల్లో అది నాకన్నా ముందు ప్రయాణం చేసింది. నేను ఫారాలు పట్టుకుని ఊరూరా ఆగి ప్రశ్నలడగడం కూడా దానికి బలమైంది. ఏమీ రాకపోతే ప్రభుత్వం మనిషిని ఎందుకు పంపిస్తుందని వాళ్ళ వాదన.

ఇక్కడ నేను చెయ్యవలసింది ఒకటుంది. బాపట్ల, తెనాలి, రేపల్లె తాసిల్దార్లకు ఆ సాయంత్రమే తంతి ఇచ్చి, ఈ వదంతి నా నోటి నుంచి పుట్టింది, దీనికి ఆధారం లేదు అని చెప్పాలి. పోస్టాఫీసు దారిలోనే ఉంది. రాఘవులు అక్కడ జీపు నెమ్మది చేశాడు కూడా. పైవాళ్ళకు తెలిస్తే నా ఉద్యోగం మీదికి వస్తుందన్న భయం ఒకటి, ఇంకా చూడవలసిన ఊళ్ళు మిగిలే ఉన్నాయన్న తొందర ఒకటి. పోనీయమన్నాను. శుక్రవారం దాటితే అదే సద్దుమణుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే రేపల్లె దారి పట్టాం. కాలవ గట్ల మీద, కోసిన పొలాల్లో, ఎక్కడ చూసినా మంచాలు, సామాన్లు, గొడ్లు. ఎండ ఎక్కుతున్నకొద్దీ మంచాలను చెట్ల నీడకు, నీడ జరిగినకొద్దీ పక్కకు లాక్కుంటున్నారు. ఒకచోట బాలింతను గడ్డివాము నీడన పడుకోబెట్టి ఇద్దరు ఆడవాళ్ళు చీర అడ్డం పట్టుకు నిలబడ్డారు. తాటాకు ఇళ్ళకు నాలుగడుగుల దూరంలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. గాలికి నిప్పురవ్వలు లేస్తున్నాయి. భూమి కంపించినా తాటాకు ఇల్లు మీదపడి ఎవరూ చావరు. నిప్పు అంటుకుంటే వాడ మొత్తం పోతుంది. అది నాకు తెలుసు. జీపు ఆపి ఆ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆఫీసరు జీపు దిగి మాట్లాడితే భయం ఇంకా పెరుగుతుందని అనుకున్నాను. మొదట మాట్లాడి చెడగొట్టాను, తరవాత మాట్లాడక.

రేపల్లెకు కొన్ని మైళ్ళ ఇవతల ఒక ఊళ్ళో, పదిన్నర ప్రాంతంలో కరణం గారి అరుగు మీద కూర్చుని ఫారం నింపుతున్నాను. ఎదురుగా వీధి చివర ఆడపిల్లల బడి. ఎండాకాలం కనక ఒంటిపూట. పరీక్షలు దగ్గరపడ్డాయని హెడ్‌మిస్ట్రెస్ గారు సెలవు ఇవ్వలేదని కరణం గారు చెబుతున్నారు. బడి గోడను ఆనుకుని ధాన్యం గోడౌను ఉంది. లోపల కప్పెత్తు పేర్చిన బస్తాల వరుస ఒకటి ఒక్కసారిగా ఒరిగి పడింది.

దబ్బున ఒకటే చప్పుడు. నా చెవికి అది భూకంపం కాదని వెంటనే తెలిసిపోయింది. భూకంపం చప్పుడు దూరం నుంచి దొర్లుకుంటూ వస్తుంది, అదురు కొంతసేపు సాగుతుంది. ఇది ఒక దెబ్బ, అంతే. ఆ మాట కరణం గారితో అంటూండగానే బడిలోంచి కేకలు వినబడ్డాయి.

పరిగెత్తాం. పొడవాటి పెంకుల హాలు, డెబ్బై మందికి పైగా పిల్లలు. కిటికీలకు ఇనప ఊచలు. ఉన్నది ఒకటే గుమ్మం. దాని తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. గాలికి పుస్తకాలు ఎగురుతున్నాయని ఆ వేళ దగ్గరికి వేసి ఉంచారు. పిల్లలందరూ ఒకేసారి వచ్చి తలుపుల మీద పడ్డారు. ముందున్నవాళ్ళు తలుపు లాగాలంటే వెనక్కి జరగాలి. వెనకున్నవాళ్ళు జరగనివ్వడం లేదు. వరండాలో నిలబడి హెడ్‌మిస్ట్రెస్ కమలాంబ గారు రెండు చేతులతో తలుపును లోపలికి నెడుతున్నారు. అది బెత్తెడు కూడా కదలడం లేదు.

చివరికి ఆవిడే ఆలోచించారు. తలుపు వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళి, లోపల వెనక వరసలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. అరవలేదు. హాజరు పిలిచినట్టు పిలిచారు. పేరు వినబడ్డ పిల్ల అలవాటు కొద్దీ ఇటు తిరిగింది. పదిమంది తిరిగేసరికి వెనక నుంచి తోపు తగ్గింది. రాఘవులు, నేను కలిసి తలుపు నెట్టాం.

తలుపు వెనక నలుగురు పిల్లలు నేలమీద ఉన్నారు. ముగ్గురు లేచి కూర్చున్నారు. ధనలక్ష్మి అనే ఎనిమిదో తరగతి పిల్ల కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపుకు వంగి ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. తన పెన్ను ఎక్కడో పడిపోయిందని చెబుతూ ఉంది. కమలాంబ గారు తన చీర చెంగు చింపి, ఆ చెయ్యిని ఒక స్కేలుకు ఆనించి కట్టారు. రాఘవులు నన్ను అడక్కుండానే జీపు తిప్పాడు. ప్రైవేటు మనుషుల్ని ఎక్కించకూడదని లాగ్ బుక్కు మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ రోజు ప్రయాణం వివరం నేను ఉన్నదున్నట్టే రాశాను. తరవాత ఎవరూ అడగలేదు.

రేపల్లె ఆస్పత్రి వరండాలో కమలాంబ గారు నన్ను మొదటిసారి తేరిపార చూశారు. ఆవిడకు అప్పటికి యాభై దాటి ఉంటాయి.

"తెనాలిలో ఆ మాటన్నది మీరేనా అండి?"

"నేనేనండి. శుక్రవారం అనలేదు. రావచ్చు అన్నాను."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏమీ అనలేదండి."

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మధ్యాహ్నం తాసిల్దారు గారు కబురు చేశారు. విషయం అప్పటికే ఆయన దాకా వెళ్ళింది. ఆయన ఆఫీసు ముందు జనం. పాపం ఆయన కూడా రెండు రోజులుగా నిద్ర లేని మనిషిలా ఉన్నారు. ఇక భూకంపం రాదని రాసి సంతకం పెట్టండి, దండోరా వేయిస్తాను అన్నారు. అలా రాయలేనని చెప్పాను. అయితే వస్తుందా అన్నారు. అదీ చెప్పలేనన్నాను. ఆయన కాగితం బల్ల మీద పడేసి, రాదని చెప్పలేరు, వస్తుందని చెప్పలేరు, మరి మీరు దేనికొచ్చారండీ అన్నారు. పన్నెండు మెట్ల గురించి ఆయనకు చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో నేనే ఆపేశాను.

పిల్లకు కట్టు వేయించి కమలాంబ గారు అక్కడికే వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. అప్పుడు ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది.

"తెలీనిది పోనివ్వండి. తెలిసింది చెప్పండి. వస్తే ఏం చెయ్యాలో మీకు తెలుసా, తెలీదా?"

తెలుసన్నాను. అయితే అది రాయండన్నారు.

నేను రాశాను. ఈ శుక్రవారమని గాని, ఇంకో రోజని గాని ఎవరూ చెప్పలేరు, చెప్పినవాళ్ళ మాట నమ్మవద్దు. ఆ వదంతి నా మాట నుంచి పుట్టింది, అది తప్పు. అదురు తెలిస్తే తాటాకు ఇళ్ళవాళ్ళు ముందు పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించి బయటికి రావాలి. పెంకుటిళ్ళలో, మిద్దెల్లో ఉన్నవాళ్ళు గుమ్మానికి దూరంగా ఉంటే పరిగెత్తకూడదు, గట్టి బల్ల కింద దూరాలి. బయటికి వచ్చినవాళ్ళు చూరు కింద, పిట్టగోడ కింద నిలబడకూడదు. అటకల మీది ఇత్తడి బిందెలు, రోళ్ళు ఇప్పుడే కిందికి దించి పెట్టుకోవాలి. తలుపుల ముందు బస్తాలు, మంచాలు అడ్డం ఉంచకూడదు. తాసిల్దారు గారు రెండుసార్లు చదివి, నా తప్పు ఒప్పుకున్న వాక్యం కొట్టెయ్యాలా అని అడిగారు. ఉంచమన్నాను. ఆ సాయంత్రమే దండోరా వేశారు. బాపట్లకు, తెనాలికి తంతులు కూడా వెళ్ళాయి. రెండు రోజుల్లో గట్ల మీది మంచాలు చాలావరకు ఇళ్ళకు చేరాయి. అంతా నమ్మారని చెప్పలేను. చెయ్యడానికి ఒక పని దొరికింది కనక కుదురుకున్నారని నా అభిప్రాయం.

మర్నాడు నా కార్యక్రమం ప్రకారం వెనక్కి వెళ్ళాలి. నేను ఆ ఊరికే వెళ్ళాను. కమలాంబ గారు అప్పటికే వడ్రంగిని పిలిపించారు. అతను తలుపు రెక్కలు ఊడదీసి, బయటికి తెరుచుకునేలా తిరగ బిగిస్తున్నాడు. హాలు రెండో చివర ఒక కిటికీ ఊచలు కోయించి, అక్కడ కూడా గుమ్మం పెట్టించడానికి బడి కమిటీని ఒప్పిస్తానని ఆవిడ చెప్పారు. ఏ వరస ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో ఇద్దరం కలిసి నేల మీద సుద్దతో గీశాం.

ఆ తరవాత ఆవిడ నన్ను పిల్లల ముందు నిలబెట్టి, అసలిది ఎందుకు వస్తుందో చెప్పమన్నారు. పుస్తకంలోని మాటలతో మొదలుపెట్టాను. ముందు వరసలో పిల్లలు ఆవులించారు. బల్ల మీద ఆవిడ బెత్తం కనబడితే తీసుకుని రెండు చివర్లూ పట్టి వంచాను. భూమి లోపల రాతి పొరలు కూడా ఇలాగే ఏళ్ళ తరబడి నెమ్మదిగా వంగుతాయనీ, బయటికి ఏమీ తెలియదనీ చెబుతూ ఇంకా వంచాను. బెత్తం ఫట్‌మని విరిగింది. నా చేతులు జిల్లుమన్నాయి. ఇదే అదురు, విరిగిన చోట పుట్టి చేతుల దాకా వచ్చింది, భూమి విరిగితే ఇళ్ళ దాకా వస్తుంది అన్నాను. వెనక నుంచి ఒక పిల్ల లేచి, విరిగిపోయింది కదండీ, ఇంక మళ్ళీ ఎలా వస్తుందండి అని అడిగింది. మంచి ప్రశ్న. బెత్తం విరిగితే పారేస్తాం, భూమిని పారెయ్యలేం, విరిగిన అంచులు రెండూ అక్కడే ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉంటాయి, సర్దుకునేటప్పుడు మళ్ళీ జారతాయి అని చెప్పాను. అప్పటికి మాకు తెలిసింది అంతే. ఇప్పుడు తెలిసింది కూడా దానికి మరీ ఎక్కువేమీ కాదు. ఆ తరవాత కమలాంబ గారు చప్పట్లు కొట్టగానే పిల్లలు వరసలు కట్టి బయటికి వెళ్ళడం మొదలుపెట్టారు. మొదటిసారి నవ్వుతూ తోసుకున్నారు. మూడోసారికి నడిచారు.

వెళ్ళేముందు ధనలక్ష్మి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న సుబ్బారాయుడు కాలవలో పడవ నడిపేవాడు. నన్ను చూసి నులకమంచం వాల్చాడు. జరిగింది నా వల్లనేనని చెప్పాను. విన్నానండి అన్నాడు. నా చేతిలో ఫారాల వైపు చూసి అడిగాడు.

"ఊళ్ళో ఏం జరిగిందో రాసుకుంటున్నారంట గదా బాబూ. మా పిల్ల చెయ్యి దేని కింద రాస్తారు?"

మా ఫారంలో గాయపడ్డవాళ్ళకు ఒక గడి ఉంది. అది కంపం వల్ల గాయపడ్డవాళ్ళకు. ధనలక్ష్మి చెయ్యి విరిగిన రోజు భూమి కదలలేదు. ఆ గడిలో రాస్తే ఆ ఊరి తీవ్రత రెండు మెట్లు పైకి వెళ్ళి, పటంలో గీత తప్పుగా వస్తుంది. ఆ సంగతి ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, అయితే ఎక్కడా రాయరన్నమాట అన్నాడు. రాస్తానన్నాను. ఎక్కడో అప్పటికి నాకే తెలియదు.

హైదరాబాదు చేరాక నివేదిక ఇచ్చాను. ఆ ఊరికి నాలుగు వేశాను, గాయాల గడి ఖాళీగా ఉంచాను. చివర విడిగా రెండు పేజీలు జతచేసి టీకొట్టు మాట దగ్గర్నుంచి తలుపు దాకా జరిగిందంతా రాశాను. సీనియర్ జియాలజిస్టు గారు నన్ను నిలబెట్టి అవి చదివారు. ఇవి భూకంపం నివేదికలోకి రావని, ఆ రెండు పేజీలు వేరు చేశారు. అవి తీసి పక్కన పెట్టేస్తారనుకున్నాను. ఆయన వాటిని నా సర్వీసు ఫైల్లో పెట్టించి, సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. దానికి నేను జవాబిచ్చాను. ఆ ఏడాది రావలసిన ఇంక్రిమెంటు ఆలస్యమైంది. అది న్యాయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

1969లో భద్రాచలం వైపు భూమి కంపించినప్పుడు మళ్ళీ క్యాంపు పడింది. ఈసారి ఏ ఊరు వెళ్ళినా ముందు బడికి వెళ్ళాను, తలుపులు ఎటు తెరుచుకుంటాయో చూశాను, పొయ్యి దగ్గర్నుంచి అటక దాకా చెప్పవలసినవి చెప్పాను, ఆ తరవాతే ఫారం తీశాను. రోజుకు రెండు ఊళ్ళు తక్కువయ్యేవి. ఫారంలో ఈ సూచనల కోసం ఒక పేజీ చేర్చమని పైకి రాశాను. మన పని పరిశీలన, ప్రచారం కాదని జవాబు వచ్చింది. అప్పటినుంచి ఆ పేజీ నేనే టైపు చేయించి, కార్బను ప్రతులు వెంట తీసుకెళ్ళేవాణ్ణి.

ధనలక్ష్మిని 1974లో తెనాలి స్టేషనులో చూశాను. ఆమే నన్ను గుర్తుపట్టింది. టీచరు ట్రైనింగు చదువుతోంది. మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదట. బోర్డు మీద పైవరసలో రాయాలంటే స్టూలెక్కాలండీ అంది. కమలాంబ గారు రిటైరయ్యేదాకా నెలకోసారి పిల్లలను ఆ వరసల్లో నడిపించారనీ, రెండో గుమ్మం కూడా పడిందనీ చెప్పింది. ఆ బడికి ఆ తరవాత భూకంపం రాలేదు. అందువల్ల ఆ గుమ్మాలు ఎవరినైనా కాపాడాయో లేదో చెప్పే లెక్క నా దగ్గర లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. భూకంపం ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పే విద్య అప్పుడు లేదు, నేను రిటైరయ్యేనాటికీ లేదు. జనం అడిగే ప్రశ్నకు మా దగ్గర ఉన్నది సగం జవాబే. ఆ సగం ఏమిటంటే, వస్తే ఏం చెయ్యాలి, రాకముందు ఏం సర్దుకోవాలి అన్నది. అది పెద్ద చదువు అక్కర్లేని విషయం, నిలబడిన చోటే రెండు నిమిషాల్లో చెప్పగలిగిన విషయం. దాన్ని చెప్పకుండా తెలియని సగం గురించి ఒక్క మాట అని వెళ్ళిపోయిన ఉద్యోగి, ఆ మాట నిజమే అయినా, తన పని చెయ్యనట్టే. నేను ఒకసారి అలా వెళ్ళిపోయాను.